మూడు లక్షల గిటార్‌లో మూడు లక్షల పనితనం ఉంటుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఎనిమిదేళ్లుగా వాయిస్తున్నారు. చేతిలో ఉన్నది ఇండోనేషియాలో తయారైన ముప్పై అయిదు వేల గిటార్. సంక్రాంతికి అమెరికా నుంచి బావగారు వస్తున్నారు కాబట్టి సూర్‌దో, టామ్ ఆండర్సన్‌దో (ఇద్దరూ అక్కడి పేరున్న తయారీదారులు) ఒక బొటీక్ గిటార్ తెప్పించుకుందామని మూడు లక్షలు పక్కన పెట్టుకున్నారు. అయితే కొన్నవాళ్లు రాసినవి ఎన్ని చదివినా ఒక్కరూ వంక పెట్టడం లేదు. అంత డబ్బు పోసినవాడు బాగాలేదని ఎందుకు ఒప్పుకుంటాడు, అసలు తయారీలో అంత నాణ్యత ఉంటుందా అని మీ అనుమానం.

సూటిగా చెప్తాను. నాణ్యత ఉంటుంది. కానీ ఆ తేడా మీ ఎడమ చేతికి తెలుస్తుంది, వినేవాళ్ల చెవికి తెలియదు. ఇంకో ముక్క కూడా. ఆ నాణ్యత మన దగ్గర రెండు వేసవులు నిలుస్తుందా అన్నది అసలు ప్రశ్న. కొన్నవాళ్ల రాతల్లో దానికి జవాబు దొరకదు, ఎందుకంటే వాళ్లలో చాలామంది మొదటి నెలలోనే రాసేస్తారు.

నేను హైదరాబాద్‌లో పదహారేళ్లుగా గిటార్లు రిపేరు చేస్తున్నాను. షాపుకి వచ్చే వాటిలో ఎక్కువ ఇరవై, ముప్పై వేల లోపువే. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో తిరిగొచ్చి కొండాపూర్ వైపు స్థిరపడినవాళ్లు తెచ్చే ఖరీదైనవి నెలకి రెండో మూడో వస్తాయి. వాటి స్క్రూలు విప్పి లోపల చూసిన అనుభవంతో రాస్తున్నాను. నాకు సొంతంగా ఒకటే ఉంది, అదీ సెకండ్‌హ్యాండ్‌ది.

బొటీక్ అనే మాటకి గట్టి నిర్వచనం లేదు. పెద్ద ఫ్యాక్టరీలా కాకుండా తక్కువ సంఖ్యలో, ఎక్కువ శ్రద్ధతో చేసేవి అనుకుందాం. ఇందులో రెండు జాతులున్నాయి, వాటిని కలిపి మాట్లాడితే తికమక అవుతుంది. సూర్, ఆండర్సన్, జేమ్స్ టైలర్, టెక్సాస్‌లోని కాలింగ్స్, పోలండ్‌లోని మేయోనెస్ లాంటివి ఒక జాతి. అక్కడ పనివాళ్లు, యంత్రాలు, ఒక పద్ధతి ఉంటాయి. ఒక్క మనిషే షెడ్డులో కూర్చుని ఏడాదికి పదో ఇరవయ్యో చేసేది రెండో జాతి. పీఆర్ఎస్ కూడా 1985లో మేరీల్యాండ్‌లో చిన్నగా మొదలైందే, ఇప్పుడది పెద్ద కంపెనీ.

మొదటి జాతి ఎలా పుట్టిందో తెలిస్తే నాణ్యత సంగతి సగం అర్థమవుతుంది. 1965లో గిటార్ల పెద్ద కంపెనీ ఫెండర్‌ని సీబీఎస్ కొనేసింది, అది రేడియో, టీవీ ప్రసారాల కంపెనీ. తర్వాతి ఏళ్లలో గిటార్ల సంఖ్య పెరిగింది, పనితనం తగ్గిందని వాయించేవాళ్లు సణగడం మొదలుపెట్టారు. కొత్త గిటార్ కొని తిన్నగా రిపేరు షాపుకి పట్టుకెళ్లినవాళ్లున్నారు. ఆ రిపేరు బల్లల దగ్గర్నుంచే ఈ తయారీదారులు వచ్చారు. కాలిఫోర్నియాలో షెక్టర్ 1976లో రిపేర్లు, విడిభాగాల షాపుగా మొదలైంది. అక్కడ పనిచేసిన టామ్ ఆండర్సన్ 1984లో సొంత కార్ఖానా పెట్టుకున్నాడు. జాన్ సూర్ న్యూయార్క్‌లో ఒక గిటార్ షాపులో పనిచేస్తూ గిటార్లు కట్టాడు, ఫెండర్ కస్టమ్ షాప్‌లో కొన్నాళ్లు ఉండి 1997లో తన కంపెనీ పెట్టాడు. అంటే ఏది అరుగుతుందో, ఏది ఉబ్బుతుందో, ఏ స్క్రూ ముందు వదులవుతుందో ఎదుటివాడి గిటార్ మీద చూసి నేర్చుకున్నారన్నమాట. ఆండర్సన్ గిటార్లలో నెక్ (ఎడమ చేత్తో పట్టుకునే పొడవాటి భాగం) చివర చీలలా వాలుగా ఉండి బాడీలో బిగుసుకుంటుంది, నాలుగు బోల్టులకి బదులు రెండే చాలు. కదిలిపోయే నెక్‌లు చూసి విసిగినవాడికే అలాంటి ఆలోచన వస్తుంది.

సరే, ఆ డబ్బు ఎక్కడికి పోయిందో చూద్దాం.

ఫ్రెట్ల చివరలు. ఫ్రెట్లంటే నెక్ మీద అడ్డంగా దిగేసిన సన్నటి లోహపు మెట్లు. గిటార్ చేతికి రాగానే నేను మొదట వాయించను. నెక్ అంచు మీద అరచెయ్యి పెట్టి నట్ (నెక్ పైచివర తీగలు ఆనే గాళ్ల పట్టీ) దగ్గర్నుంచి బాడీ దాకా నెమ్మదిగా జారుస్తాను. మా అమ్మ పట్టుచీర మడత విప్పకముందే అంచు తడిమి చూస్తుంది, అలాగ. చవక గిటార్‌లో ఫ్రెట్ల చివరలన్నీ ఒకే కోణంలో కోసేసి ఉంటాయి, చేతికి రంపం పళ్లలా తగులుతాయి. మంచి బొటీక్ గిటార్‌లో ప్రతి చివరా చిన్న గోళీలా గుండ్రంగా ఉంటుంది. 22 ఫ్రెట్లంటే 44 చివరలు. ఒక్కో దానికి సన్నటి ఆకురాయితో నాలుగు నిమిషాలు వేసుకున్నా దగ్గర దగ్గర మూడు గంటలు. నా షాపులో ఈ ఒక్క పనికే అరపూట పోతుంది. ముప్పై వేల గిటార్ మీద ఫ్యాక్టరీవాడు మూడు గంటలు కూర్చోలేడు, కూర్చుంటే అది ముప్పై వేలకి రాదు. ఇందులో మాయ ఏమీ లేదు, కూలి లెక్క.

ఫ్రెట్ల ఎత్తు. ఇక్కడ 'చేత్తో చేసింది' అనే మాట మీద మోజు వదులుకోండి. ప్లెక్ అని జర్మనీ యంత్రం ఒకటుంది. తీగలు బిగించి ఉండగానే ప్రతి ఫ్రెట్ ఎత్తునీ కొలిచి, ఎక్కువున్న చోట మిల్లీమీటరులో వందో వంతు లెక్కన చెక్కుతుంది. సూర్ వాళ్లు దాన్నే వాడతారు. నా చేయి మంచిదనే పేరుంది, అయినా ఆ యంత్రం చేసినంత సమంగా చేయడం నావల్ల కాదని ఒప్పుకుంటాను. పెద్ద బొటీక్ కార్ఖానాల్లో కలప కోతంతా కంప్యూటర్ యంత్రాలదే. మనిషి చేయి పడేది ఆఖరి మెరుగు దగ్గర, పడాల్సింది కూడా అక్కడే.

నట్. ఇది మీ గిటార్ మీద ఇప్పుడే చూసుకోండి. మూడో ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి, మొదటి ఫ్రెట్‌కీ తీగకీ మధ్య చూడండి. కాగితం మందం సందు ఉంటే బాగుంది. విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే నట్ గాడి ఎత్తుగా ఉన్నట్టు. 'ఎఫ్' కార్డ్ (కొన్ని స్వరాలు ఒకేసారి పలికే పట్టు) పట్టడం కష్టంగా ఉంది, ట్యూన్ చేసినా మొదటి మూడు ఫ్రెట్లలో శ్రుతి పెరుగుతోంది అని నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది బాధ ఇదే. బొటీక్ గిటార్‌లో ఈ గాడి సరిగ్గా కోసి ఇస్తారు. చవక దానిలో కావాలనే ఎత్తుగా వదులుతారు, ఎక్కువ కోసేస్తే వెనక్కి తీసుకోవాల్సి వస్తుందని భయం.

కలప ఆరడం. నా దృష్టిలో అసలు ఖరీదు ఇదే, కంటికి కనిపించనిదీ ఇదే. బాగా ఆరని కలప నెక్ తర్వాత వంకర తిరుగుతుంది. ఈమధ్య కాల్చిన మేపుల్ నెక్‌లు వస్తున్నాయి, గాలి తగలకుండా వేడిచేసి కలపలో తేమ పీల్చే గుణం తగ్గిస్తారు. చూడ్డానికి బెల్లం పాకం రంగులో ఉంటాయి. మన వాతావరణానికి ఇవి నిజంగా పనికొస్తాయి. 2016లో నేను కొన్న గిటార్‌కి ఇలాంటి నెక్కే ఉంది, ఫ్రెట్లు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి. ఏడాదికి రెండుసార్లు ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండి దాని వంపు సరిచేసే కడ్డీ) పావు తిప్పు తిప్పుతాను, అంతే. వారానికి ఐదు రోజులు వాయిస్తున్నా ఫ్రెట్లు ఇంకా కొత్తగానే ఉన్నాయి. మామూలు నికెల్ సిల్వర్ ఫ్రెట్లయితే ఈపాటికి ఒకసారి మార్చి ఉండేవాణ్ణి. (పేరులో సిల్వర్ ఉంది గానీ అందులో వెండి చుక్కైనా ఉండదు, రాగి, నికెల్, జింకు కలిపిన లోహం.) ఎప్పుడైనా ఆ స్టీల్ ఫ్రెట్లు మార్చాల్సి వస్తే మాత్రం కూలి దాదాపు రెట్టింపు. నా ఆకురాళ్లు అరిగిపోతాయి మరి.

ఇక ధ్వని. ఒకసారి షాపులో ఓ సరదా పరీక్ష పెట్టాం. ముప్పై వేల గిటార్ ఒకటి తీసుకుని ఫ్రెట్లు సరిచేసి, నట్ మార్చి, మంచి పికప్‌లు (తీగల కదలికని విద్యుత్తుగా మార్చేవి) వేశాం. దాని పక్కన మూడున్నర లక్షలది. రెండిటికీ ఒకే తీగలు, ఒకే ఆంప్ (ధ్వని పెంచే పెట్టె). వాయించేవాడు ఒకడు, అటు తిరిగి కూర్చుని వినేవాళ్లం నలుగురం. నలుగురిలో ఇద్దరు తప్పు చెప్పారు, వాళ్లలో నేనొకణ్ణి. తర్వాత గిటార్లు మా చేతికిచ్చి కళ్లు మూసుకుని వాయించమన్నారు. పది సెకన్లలో నలుగురమూ ఏది ఏదో చెప్పేశాం. నలుగురితో చేసింది శాస్త్రం కాదనుకోండి, కానీ అప్పటినుంచి 'టోన్ కోసం కొంటున్నాను' అనేవాళ్లతో నేను వాదించడం మానేశాను. టోన్ కోసమైతే ముందు ఆంప్ మార్చండి, అంటాను.

డబ్బు పోసినా నాణ్యత పెరగని చోట్లూ ఉన్నాయి. పులిచారల మేపుల్ పైచెక్క కంటికి విందు. పీఆర్ఎస్ వాళ్లు '10 టాప్' అని అదనంగా తీసుకునేది ఆ చారల అందానికే. అది గిటార్ గట్టితనానికి ఒక్క పైసా కలపదు. నైట్రో లక్కర్ పూత ఇంకోటి. పలచగా, హాయిగా ఉంటుంది, పాతకాలపు కళ వస్తుంది, నిజమే. కానీ చెమటకి జిగురు పడుతుంది, వేడీ చలీ మారితే సన్నగా చిట్లుతుంది. కొన్ని స్టాండ్ల రబ్బరు తగిలితే పూతే కరుగుతుంది. ఒక కుర్రవాడు కొత్త గిటార్‌ని వంద రూపాయల రబ్బరు హుక్‌కి వేలాడదీసి, రెండు నెలల తర్వాత నెక్ రెండు పక్కలా నల్లటి అచ్చులతో తెచ్చాడు. అలాగే తల (తీగలు చుట్టి బిగించే చివరి భాగం) వెనక్కి బాగా వాలి, నెక్ మొత్తం ఒకే మహోగని ముక్కతో చేసిన డిజైన్ ఎంత ఖరీదైనా కింద పడితే తల కలిసే మెడ దగ్గర విరుగుతుంది. అక్కడ కలప నార అడ్డంగా తెగి ఉంటుంది కాబట్టి బలం తక్కువ. తల విడిగా అతికించిన చవక నెక్‌లే ఈ విషయంలో గట్టివి. నమ్మబుద్ధి కాదు, కానీ నా దగ్గరికొచ్చిన విరిగిన మెడల్లో ఎక్కువ ఖరీదైనవే.

ఇప్పుడు మీ అనుమానం దగ్గరికి, అంటే కొన్నవాళ్ల మాటలు ఎంతవరకు నమ్మాలి. వాళ్లు అబద్ధం చెప్పరు. కొన్న నెలలో రాసింది పెళ్లైన నెలలో కొత్త అల్లుడి గురించి అత్తగారు చెప్పే మాటలాంటిది. మనస్ఫూర్తిగానే చెప్తుంది, అలాగని దాన్నిబట్టి సంబంధాలు కుదుర్చుకోం. తారీఖు చూడండి. గిటార్ వచ్చిన రోజుకీ రాసిన రోజుకీ మధ్య ఏడాది లేకపోతే ఆ రాత పెట్టె విప్పిన సంబరం మాత్రమే. 'ఫ్రెట్లు ఒకసారి సరిచేయించాను', 'వర్షాకాలంలో యాక్షన్ (ఫ్రెట్ల నుంచి తీగల ఎత్తు) పెరుగుతుంది', 'నాలుగు కేజీలు, అరగంట దాటితే భుజం లాగుతుంది' లాంటి చిన్న చిన్న వాక్యాలున్న రాత ఒక్కటి చాలు, ఐదు చుక్కలవి యాభై కంటే మేలు. నేనైతే సమీక్షల కంటే అమ్మకం ప్రకటనలు చదువుతాను. అమ్మేసేటప్పుడు మనిషి ఎందుకు అమ్ముతున్నాడో రాస్తాడు, ఎంతకి పోతోందో కూడా తెలుస్తుంది. ఒకే మోడల్ ఏడాది వాడినవి వరుసగా అమ్మకానికి వస్తుంటే నేను ఆ మోడల్ జోలికి పోను.

దీనికి నా దగ్గరున్న ఉదాహరణ కాస్త బాధాకరమైనది. మూడేళ్ల కిందట ఒకాయన గిటార్ తెచ్చారు. ఒంటరి తయారీదారు చేసింది, ఎవరన్నది చెప్పను. పద్నాలుగు నెలలు ఎదురుచూసి, నాలుగు వేల డాలర్లు పోసి చేయించుకున్నారు. జనవరిలో వచ్చింది, అద్భుతంగా ఉందని అప్పుడే పొడవాటి సమీక్ష రాశారు. మే నెలలో నా బల్ల మీదికొచ్చింది. ఫ్రెట్‌బోర్డు (ఫ్రెట్లు దిగేసిన పలక) ఎండి కుంచించుకుపోయింది, ఫ్రెట్ల చివరలు రెండు పక్కలా ముళ్లలా బయటికొచ్చాయి. పద్నాలుగో ఫ్రెట్ దగ్గర నెక్ ఉబ్బింది, అక్కడ తీగ సాగదీస్తే శబ్దం మధ్యలోనే చచ్చిపోతోంది. ట్రస్ రాడ్ తిప్పుదామంటే దాన్ని తిప్పే మర నట్ నెక్ కింది చివర ఉంది, పావు తిప్పు తిప్పాలన్నా తీగలు వదులు చేసి నెక్ విప్పాలి. తయారీదారుకి రాస్తే మర్యాదగానే జవాబిచ్చాడు, పంపండి సరిచేస్తాను అని. రానూపోనూ కొరియర్, కస్టమ్స్ లెక్క వేసుకుని ఈయన చల్లబడ్డారు. చివరికి నేనే ఫ్రెట్లు పీకి, బోర్డు సమంగా చెక్కి కొత్తవి వేశాను. ఇప్పుడు బ్రహ్మాండంగా ఉంది. ఆ పాత సమీక్ష ఐదు చుక్కలతో ఇంకా అలాగే ఉంది. మార్చొచ్చు కదా అంటే, "రాసిన రోజున అది నిజమే కదండీ" అన్నారు.

ఆ తయారీదారుని నేను మోసగాడు అనను. వాళ్ల ఊరి గాలికి ఆ గిటార్ సరిగ్గానే ఉంది. గిటార్‌కి 45 నుంచి 55 శాతం తేమ హాయి. నా షాపులో మీటర్ మే మధ్యాహ్నం 25 చూపిస్తుంది, ఆగస్టులో 80 దాటుతుంది. పైగా ఇంట్లో ఏసీ. విశాఖలో ఇంకో తంటా, ఉప్పుగాలి. బీచ్‌కి దగ్గర్లో ఉన్న మా అన్నయ్య ఇంట్లో ఒక ఖరీదైన గిటార్ బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే భాగం) స్క్రూలు ఒక్క వర్షాకాలానికే తుప్పుపట్టి తిరగడం మానేశాయి. బిల్లు మీద ఎన్ని సున్నాలున్నాయో సముద్రం చూడదు.

దీన్ని లోపం అని కంగారు పడేవాళ్లకి మా మేనత్త వీణ సంగతి చెప్తుంటాను. బొబ్బిలి ఏకాండి వీణ, ఒకే పనస దుంగ తొలిచి చేసింది. దాని మెట్లు మైనంలో కూర్చి ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ మైనం కదులుతుంది, మళ్లీ మేళం కట్టించుకోవాలి. ఆవిడ ఎప్పుడూ వీణ చెడిపోయిందనలేదు, మేళం కట్టించాలి అనేది. మనం మాత్రం మూడు లక్షలు పెట్టాక ఇక దాన్ని ముట్టుకోనక్కర్లేదనుకుంటాం.

మీ విషయంలో నేనైతే ఏం చేస్తానంటే, ముందు మీ ఇప్పటి గిటార్ మీద ఎనిమిది, పది వేలు పెట్టి ఫ్రెట్లు, నట్ బాగా చేయిస్తాను. రెండు నెలలు వాయించాక కూడా చేయి ఇంకేదో కోరుతుంటే అప్పుడు కొంటాను. చాలామందికి ఆ కోరిక అక్కడే తీరిపోతుంది (నా వ్యాపారానికి మంచిదే, అందుకే చెప్తున్నానని మీరనుకున్నా ఫర్వాలేదు). కొనేదైతే రెండు మూడేళ్లు వాడినది, అందరికీ తెలిసిన మోడల్, అందరూ అడిగే రంగు. మొదటి యజమాని దగ్గరే దాని వంకలన్నీ బయటపడి ఉంటాయి, రేపు మీరు అమ్మినా పెద్దగా నష్టపోరు. మీకు మాత్రమే నచ్చే కొలతలతో, మీ పేరు చెక్కించి చేయించుకుంటే అది అమ్మడానికి పనికిరాదు. ట్రస్ రాడ్ నట్ తల దగ్గర గానీ, నెక్ విప్పకుండా అందేచోట గానీ ఉండాలి. ఈ ఒక్కదాని దగ్గర రాజీ పడొద్దు. ఒంటరి తయారీదారుకి ముందే డబ్బు కట్టి ఆర్డర్ ఇవ్వడం మొదటిసారికి వద్దు. జపాన్‌లోని ఫుజిజెన్ లాంటి ఫ్యాక్టరీ పనితనం కూడా ఒకసారి చేత్తో పట్టుకుని చూడండి, నా లెక్కలో ఫ్రెట్ల పని విషయంలో అది ఎవరికీ తీసిపోదు.

బావగారికి రెండు మాటలు చెప్పండి. కస్టమ్స్‌లో డిక్లేర్ చేసి డ్యూటీ కట్టి రసీదు తీసుకోమనండి, దానికీ మీ మూడు లక్షల్లోంచే కొంత పక్కన పెట్టాలి. ఫ్రెట్‌బోర్డు రోజ్‌వుడ్ అయితే కంగారు లేదు, తయారైన వాయిద్యాలకి 2019 చివర్లో అంతర్జాతీయ నిబంధన సడలించారు. బ్రెజిల్ రోజ్‌వుడ్ అని ఎవరైనా గొప్పగా చెప్తే మాత్రం దాని జోలికి పోవద్దనండి, అది 1992 నుంచీ కఠినమైన ఆంక్షల్లోనే ఉంది.

గిటార్ ఇంటికి రాగానే కేసు తెరవకండి, ఒక రాత్రి మీ గదిలోనే ఉండనివ్వండి, కలప నెమ్మదిగా అలవాటు పడుతుంది. తెరిచాక సామాను అరలో చిన్న ప్లాస్టిక్ సంచిలో రెండు మూడు అలెన్ కీలు (మరలు తిప్పే ఆరు పలకల కడ్డీలు) ఉంటాయి, వాటిని పారేయకండి. అమెరికా గిటార్లవి ఎక్కువగా అంగుళాల కొలతవి, మన హార్డ్‌వేర్ షాపులో దొరికేవి మిల్లీమీటర్లవి. దగ్గరి సైజు కదా అని పెట్టి తిప్పితే ట్రస్ రాడ్ నట్ లోపలి అంచులు గుండ్రంగా అరిగిపోతాయి. ఆ తర్వాత దాన్ని బయటికి తీయడానికి నేను తీసుకునే కూలి వింటే మీకు నామీద కోపం వస్తుంది.